పళ్లికరణై అంచున పర్యావరణ బోధనా స్థలం: ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఏం వదిలేయాలి

పెరుంబాక్కం_ప్రశ్న

అందరికీ నమస్కారం. చెన్నై దక్షిణాన ఉన్న పళ్లికరణై చిత్తడి నేలకు పెరుంబాక్కం వైపు అంచున, గట్టును ఆనుకుని రెండెకరాల లోపు గట్టి నేల ఉంది. అటవీశాఖ ఒప్పుకుంటే అక్కడ బడిపిల్లల కోసం ఒక బోధనా స్థలం తయారుచేయాలన్న ఆలోచన నడుస్తోంది. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు వచ్చే దారి ఉంది. రోజుకు 40 మంది చొప్పున రెండు బ్యాచులు.

మొదటి చిత్తు ప్లానులో ఉన్నవి: వంద మంది పట్టే ఏసీ హాలు, 3డీ షో, నీళ్ల మీదుగా 200 మీటర్ల కాంక్రీటు బాట, 12 మీటర్ల వాచ్‌టవర్, సెల్ఫీ పాయింటు, బస్సుల పార్కింగు. 2021లో తెరిచిన ఎకో పార్కు ఎలాగూ ఉంది, దానికి నకలు కట్టడం మా ఉద్దేశం కాదు. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

చట్టం_చుట్టం

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. డ్రాయింగ్ కన్నా ముందు మ్యాపు తీయండి. పళ్లికరణై 2022లో రామ్‌సార్ స్థలం (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేల) అయింది, విస్తీర్ణం 1247.54 హెక్టార్లు. అందులో కొంత భాగం 2007 నుంచే రిజర్వు ఫారెస్టు. మీ రెండెకరాలు ఈ గీతలకు లోపలా, బయటా, మీదా అన్నది సర్వే నంబరుతో తేలాలి. కంటికి గట్టి నేలగా కనిపించినంత మాత్రాన అది చిత్తడి నేల కాకుండా పోదు. చాలాచోట్ల అది లారీలతో పోసిన మట్టే.

2017 చిత్తడి నేలల నిబంధనల్లో నాలుగోది చదవండి. ఆక్రమణ, చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం లాంటి నిషేధాలతో పాటు శాశ్వత కట్టడాల మాట కూడా అందులోనే ఉంది. పడవల జెట్టీ తప్ప, సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వతమైనది ఏదీ కట్టకూడదు. ఆ సగటును నిబంధనలు వచ్చిన నాటికి ముందు పదేళ్లలో చూసిన మట్టాల నుంచి లెక్కిస్తారు. అంటే 2015 డిసెంబరు వరద కూడా ఆ లెక్కలో ఉంటుంది. మే నెలలో నీళ్లు ఎక్కడున్నాయో చూసి 50 మీటర్లు కొలిస్తే ప్లాను మొత్తం తప్పుతుంది.

రిజర్వు ఫారెస్టు లోపలైతే 1980 అటవీ సంరక్షణ చట్టం కూడా ఉంది (2023లో సవరించారు, పేరు కూడా మారింది). అక్కడ కట్టేది అటవీశాఖే కావాలి, బయటి సంస్థ కాదు. మీరు ఒప్పందం రాసుకుని డబ్బు, మనుషులు, పాఠాలు ఇవ్వవచ్చు. కట్టడం ఎవరి పేరున ఉంటుంది, మరమ్మతు ఎవరిది, ఐదేళ్ల తర్వాత తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ ఒప్పందంలో లేకపోతే సంతకం పెట్టకండి.

కాంక్రీటు బాట, ఏసీ హాలు ఈ గీతల మధ్య నిలవవు. రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థ దాకా వెళ్లి తిరిగొచ్చేలోపు మీ సీఎస్‌ఆర్ సంవత్సరం ముగిసిపోతుంది.

నత్తగుల్ల_కొంగ

టవర్ తీసేయండి. 12 మీటర్ల ఎత్తున ఆకాశానికి అడ్డంగా నిలబడ్డ మనిషి నీడ పక్షికి అర కిలోమీటరు నుంచి కనిపిస్తుంది. పైగా నలభై మంది పిల్లలు మెట్ల మీద వరుస కట్టి, పైకెక్కి, అరిచి, దిగేసరికి గంట గడిచిపోతుంది. ఆ గంటలో అందరూ చూసేది ముందువాడి వీపు.

దాని బదులు నేల మట్టంలో రెండు చాటు గుడిసెలు చాలు. ఒక్కొక్కటి 6 మీటర్ల పొడవు, ముందు నుంచి వెనకకు 2.4 మీటర్లు, పది పన్నెండు మంది కూర్చునేలా. చూసే సందులు మూడు ఎత్తుల్లో ఉండాలి. చిన్నపిల్లలకూ చక్రాల కుర్చీవాళ్లకూ నేల నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర, బల్ల మీద కూర్చున్న పెద్దవాళ్లకు 115 దగ్గర, నిలబడేవాళ్లకు 145 దగ్గర. సందు ఎత్తు 20 సెంటీమీటర్లు మించితే చేతులు బయటికొస్తాయి, వేలు చూపించగానే బాతులు లేస్తాయి. సందు కింద మోచేతులు ఆనించే పలక పెట్టండి, బైనాక్యులర్ వణకదు. వెనక తలుపు తెరిచినప్పుడు వెలుతురు లోపలికి పడి మనుషుల ఆకారాలు బయటికి కనిపిస్తాయి. అందుకే తలుపు సూటిగా కాక ఒక మలుపు తిప్పి పెట్టాలి. ఎక్కువ చోట్ల మర్చిపోయేది ఇదే.

ముఖం ఉత్తరానికి. వలస పక్షులుండే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెన్నైలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, ఉత్తరానికి చూస్తే రోజంతా వెలుగు మన వీపు వెనక నుంచి పక్షి మీద పడుతుంది. తూర్పు ముఖం పెడితే ఉదయం ఏడు గంటలకు పిల్లలకు కనిపించేవి నల్లటి బొమ్మలే. సూదితోక బాతుకూ గరిటెమూతి బాతుకూ తేడా ఎలా చెప్తారు?

ఎంత దూరంలో పెట్టాలి అన్నది పుస్తకం చూసి వేయకండి. పది వేర్వేరు ఉదయాలు ఒక్క మనిషి నెమ్మదిగా నడుస్తూ, మేస్తున్న పక్షులు మేత ఆపి తలెత్తిన చోట జెండా పాతాలి. లేచిపోయిన చోట కాదు. తలెత్తడమంటేనే ఇబ్బంది మొదలైందని. ఆ జెండాల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు వెనక్కి రండి. గుడిసె దాకా వచ్చే దారికి రెండు వైపులా రెండు మీటర్ల ఎత్తు తడక తప్పనిసరి. గుడిసె ఎంత చాటుగా ఉన్నా, దానికి వచ్చే దారి బయలుగా ఉంటే లాభం లేదు.

పెరుంబాక్కం_ప్రశ్న

టవర్, హాలు, సెల్ఫీ పాయింటు కొట్టేశాను. బాట మాత్రం ఏదో ఒక రూపంలో కావాలని అందరూ పట్టుబడుతున్నారు. కోరింగ మడ అడవుల్లో చెక్కబాట చూసొచ్చినవాళ్లు అలాంటిదే అంటున్నారు.

సరుగుడు_కర్ర

కోరింగ మడ అడవి, ఆటుపోటు నీళ్లు, చెట్ల నీడ. ఇక్కడ ఎండ నేరుగా, నీళ్లు ఏడాదిలో కొన్ని నెలలు ఉండి కొన్ని నెలలు ఎండిపోతాయి. చెక్కకు అన్నిటికన్నా చెడ్డది ఈ తడీ పొడీ మార్పే. పూర్తిగా నీటిలో మునిగి ఉన్న సరుగుడు కర్ర (ఇక్కడ సవుక్కు అని అడగాలి) చాలాకాలం నిలుస్తుంది. నీరు ఎక్కి దిగే జానెడు మేర ముందు కుళ్లుతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూస్తే తప్ప తెలియదు.

నా లెక్క ఇది:

పొడవు 60 మీటర్లు చాలు. 200 మీటర్లు నడిస్తే పాఠం పెరగదు, చిత్తడి నేలలో కట్టడం పెరుగుతుంది. వెడల్పు 1.8 మీటర్లు, రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటడానికి. వాలు 1:12 మించకూడదు. ఇరవై ఐదు మీటర్లకో చోట 3×4 మీటర్ల అరుగు, బృందం ఆగేది అక్కడే, బాట మీద కాదు.

బరువు చదరపు మీటరుకు 500 కిలోలకు డిజైన్ చేయండి. నలభై మంది పిల్లల బరువు ఆ అరుగు మీద అంత రాదు. కానీ నీటిపాము కనబడగానే అందరూ ఒకే వైపు కటకటాల మీద వాలుతారు, అసలు పరీక్ష ఆ పక్క తోపుకే. కటకటాలు 1.1 మీటర్లు, కమ్మీలు నిలువుగా, మధ్య సందు 10 సెంటీమీటర్ల లోపు. అడ్డకమ్మీలు పెడితే పిల్లలకు అది నిచ్చెన. తేలే బాట మాటే వద్దు, ఒకవైపు గుమికూడితే ఒరుగుతుంది.

పునాదికి కాంక్రీటు బదులు స్క్రూ పైల్, అంటే మరలా తిప్పి నేలలోకి దించే ఉక్కు స్తంభం. తవ్వకం లేదు, మట్టి బయటికి రాదు, రేపు తిప్పి పీకేయవచ్చు. అయితే ఇక్కడ పైన మెత్తటి బంకమట్టి, గట్టి పొర ఎంత లోతున ఉందో బోరు వేసి, మట్టి గట్టిదనం కొలిచే ఎస్‌పీటీ చూడకుండా పైల్ పొడవు రాయకండి. దించేటప్పుడు ప్రతి పైల్‌కూ టార్క్ (తిప్పడానికి పట్టిన బలం) రాసిపెట్టుకోండి. అనుకున్న లోతుకు చేరినా టార్క్ రాకపోతే ఇంకో ముక్క అతికించి దించాల్సిందే.

పై పలకకు రీసైకిల్ ప్లాస్టిక్ పలకలు చాలామంది కోరతారు. చెన్నై ఎండలో అవి మెత్తబడి కుంగుతాయి. కింద దూలాల మధ్య దూరం చెక్కకు 400 మిల్లీమీటర్లు పెడితే వీటికి 300 పెట్టాలి. వేడికి పొడవు సాగుతాయి కాబట్టి చివర్ల దగ్గర సందు వదలాలి, బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. గుండ్రటి రంధ్రం వేస్తే మొదటి ఎండాకాలానికే పలక విల్లులా లేస్తుంది.

ఇక బోల్టులు. గాల్వనైజ్డ్ ఇనుముకు స్టెయిన్‌లెస్ బోల్టు వేయకండి, రెండు లోహాలు కలిస్తే తుప్పు.

నీటిబొట్టు

సరుగుడు గారూ, ఆ చివరి ముక్క సగమే నిజం. పెద్ద గాల్వనైజ్డ్ దూలానికి చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఫర్వాలేదు, తినబడే లోహం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి నష్టం పలచగా పరుచుకుంటుంది. అటుది ఇటు చేస్తేనే, అంటే స్టెయిన్‌లెస్ పలకకు గాల్వనైజ్డ్ బోల్టు వేస్తేనే, బోల్టు ఇట్టే కరిగిపోతుంది. ఇక్కడ నీరు ఒక్కియం మడువు, బకింగ్‌హామ్ కాలువ మీదుగా కోవళం కయ్యతో కలుస్తుంది, ఉప్పు తగులుతుంది. కాబట్టి 304 కాదు, 316 రకం బోల్టులు, నైలాన్ వాషరుతో.

సరుగుడు_కర్ర

ఒప్పుకున్నాను. వాషరు వేస్తే చాలు, రకం 316.

పెరుంబాక్కం_ప్రశ్న

బాట ఎత్తు ఎంత? 2023 డిసెంబరు వరద మట్టానికి పైన పెట్టాలా? అలా అయితే పిల్లలు నీళ్లకు చాలా పైన నడుస్తారు.

సరుగుడు_కర్ర

రెండు దారులున్నాయి. వరద మట్టానికి పైన పెడితే వాలు పొడవు పెరుగుతుంది, పిల్లలకు నీరు దూరమవుతుంది. మునగనిచ్చే బాటగా కడితే మామూలు వానాకాలపు మట్టానికి 60 సెంటీమీటర్ల పైన చాలు. కానీ మునిగే బాటకు గట్టి పలకలు పనికిరావు, కింద నుంచి నీరు ఎత్తుతుంది, చెక్క తేలాలని చూస్తుంది, బోల్టులు పీక్కుని వస్తాయి. గాజునారతో గట్టిపరిచిన ప్లాస్టిక్‌తో చేసే, జాలీలా ఉండే ఎఫ్‌ఆర్‌పీ గ్రేటింగ్ వేయండి. నీరు అందులోంచి పైకొచ్చి దిగిపోతుంది, ఎండ కిందికి పడి మొక్కలు బతుకుతాయి. జాలీ కన్ను చిన్నది తీసుకోండి, ఊతకర్ర మొన దూరకూడదు. పైన ఇసుక అంటించిన రకమైతే నాచు పట్టినా కాలు జారదు.

మునిగే బాటకు ఒక నియమం ఉంటుంది. నీరు పలకను తాకిన రోజున గేటుకు తాళం పడాలి, దిగాక ప్రతి బోల్టు బిగించి చూశాకే తీయాలి. ఆ పని ఎవరిదో పేరు రాసి ఉండాలి. అది లేకపోతే ఎత్తు బాటే నయం.

నీటిబొట్టు

అన్నిటికన్నా పెద్ద తప్పు బాట దగ్గర కాదు, బాట మొదలయ్యే చోట జరుగుతుంది. లారీలు రావడానికని మట్టి పోసి గట్టు వేస్తారు, కింద ఒక 300 మిల్లీమీటర్ల పైపు పడేస్తారు. మొదటి వానకే గుర్రపుడెక్క వచ్చి ఆ పైపు మూతికి అడ్డం పడుతుంది. ఒకవైపు చెరువు, ఇంకోవైపు ఎండు నేల, ఒకే చిత్తడి నేల రెండు ముక్కలు. పల్లావరం–తొరైపాక్కం రోడ్డు ఈ నేలను ఎలా కోసిందో అందరికీ తెలిసిందే, దానికి చిన్న నకలు కట్టకండి. సామాను చేతిబండ్ల మీద రావాలి, లేదా కట్టిన బాటనే వాడుకుంటూ ముందుకు కట్టుకుపోవాలి.

పని కాలం ఏప్రిల్ నుంచి. జూన్ వచ్చేసరికి జమ్ములో నీలపు బొల్లికోళ్లు, పొడుగుతోక జకానాలు గూళ్లు పెట్టే వేళ, ఆ పొదల దగ్గర పని ఆపాలి. అక్టోబరులో ఈశాన్య వానలు. అంటే మీకు అసలు చేతిలో ఉండేది ఎనిమిది తొమ్మిది వారాలు. టెండరు జనవరికల్లా ముగియకపోతే మరుసటి ఏడాదికి వాయిదా వేయండి, వానలో తొందరపడి దించిన పైల్ ఆ తర్వాత సరికాదు.

బడిగంట

మీరంతా కట్టడాల గురించే మాట్లాడుతున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. పాఠం ఏది? ముందు ఒక ఏడాది ఏమీ కట్టకుండా, గట్టు మీద నాలుగు చాపలు, నాలుగు పెట్టెలతో కార్యక్రమం నడపండి. పిల్లలు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ విసుగుతారో తెలిశాక కడితే సగం ఖర్చు తగ్గుతుంది.

నలభై మందిని పదేసి మందిగా నాలుగు జట్లు చేయండి. నాలుగు మజిలీలు: చాటు గుడిసె, నీటి పరీక్ష, బురద–మొక్కలు, వరద నమూనా. ఒక్కోచోట 25 నిమిషాలు, మారడానికి 5. మొత్తం రెండు గంటలు. ప్రతి జట్టుకూ ఒక పెద్దమనిషి, ఇద్దరు శిక్షణ పొందిన బోధకులు. బడి నుంచి వచ్చే టీచర్లను ఫోటోలు తీసే పనిలో వదిలేయకుండా ఒక మజిలీ అప్పగించండి, చేతిలో ఒక పేజీ కాగితం పెట్టి.

వేళ సంగతి. బడి బస్సు తొమ్మిదిన్నరకు ముందు రాదు. అప్పటికి నీటి మీద వేడి గాలి కదలిక మొదలై, దూరపు పక్షి స్కోపులో మంటలా ఊగుతుంది. బడి పనిదినాల్లో వచ్చే బ్యాచులకు పక్షులే ప్రధానం అని చెప్పకండి, నిరాశపడతారు. వాళ్లకు నీరు, బురద, పురుగులు. పక్షుల కోసం శని, ఆదివారాల్లో ఉదయం ఆరున్నర బ్యాచు పెట్టండి.

వరద నమూనా చెప్తాను, చవకైనదీ పిల్లలకు గుర్తుండేదీ ఇదే. 60×40 సెంటీమీటర్ల ట్రేలు రెండు, వెనక వైపు 5 సెంటీమీటర్లు ఎత్తి పెట్టాలి. ఒకదానిలో టైలు ముక్కలు పరవాలి, ఇంకోదానిలో కొబ్బరిపీచు, స్పాంజి, మట్టి. మొక్కలకు పోసే జల్లుడబ్బాతో రెండింటిలో రెండేసి లీటర్లు. కింద గిన్నెలో మొదటి నిమిషంలో ఎంత వచ్చింది, ఐదో నిమిషంలో ఎంత వచ్చింది కొలవాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక్కసారి పోసి "చూశారా, చిత్తడి నేల నీటిని పీల్చేసింది" అని ముగించేస్తారు. వెంటనే రెండోసారి రెండు లీటర్లు పోయాలి. ఇప్పుడు స్పాంజి నిండిపోయింది, నీరు దాదాపు అలాగే బయటికొస్తుంది. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ చెన్నైని ముంచింది అంతకుముందు ఆగకుండా కురిసిన వానతో. చిత్తడి నేల ఉన్నా ఎందుకు మునిగింది అని పిల్లవాడు అడుగుతాడు, అడగాలి. నిండిన స్పాంజి, కుంచించుకుపోయిన స్పాంజి, మూసుకుపోయిన బయటిదారి, ఈ మూడూ ఆ ట్రేలోనే చూపించవచ్చు. మూడోసారి స్పాంజిని సగానికి కోసి పోయండి.

నత్తగుల్ల_కొంగ

మేడం చెప్పిన ఏడాది మాట బంగారం. బైనాక్యులర్ల గురించి ఒక ముక్క. 10×50 పెద్దవి కొనకండి, పిల్లల చేతిలో వణుకుతాయి. ఐదో తరగతి లోపు పిల్లలకు రెండు కళ్ల మధ్య దూరం తక్కువ, 56 మిల్లీమీటర్ల కన్నా దగ్గరికి రాని బైనాక్యులర్‌లో వాళ్లకు ఒక కంటికే కనబడుతుంది, "కనబడింది సార్" అని మాత్రం అంటారు. 6×30 లేదా 8×30, దగ్గరికి ముడిచేది చూసి కొనాలి. పన్నెండు చాలు, నలభై అక్కర్లేదు. రాత్రి గాలిచొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టకపోతే చెన్నై తేమకు రెండేళ్లలో అద్దాల లోపల బూజు.

పెరుంబాక్కం_ప్రశ్న

నీటి పరీక్షకు ఏం కొనాలి? రెడీమేడ్ ల్యాబ్ కిట్టు ఒకటి చాలా ఖరీదు చెప్తున్నారు.

నీటిబొట్టు

ల్యాబ్ కిట్టు వద్దు. విడిగా కొనుక్కోండి: పీహెచ్ కాగితాలు, థర్మామీటరు, నీటిలోని లవణాలను విద్యుత్తుతో అంచనా వేసే కండక్టివిటీ మీటరు, కరిగిన ఆక్సిజన్‌కు గాజుగొట్టంలో మందు ముందే నింపి వచ్చే రంగు కిట్టు, అమ్మోనియా రంగు కిట్టు, నీటి మడ్డి కొలిచే 60 సెంటీమీటర్ల టర్బిడిటీ గొట్టం.

నీటిలోకి దించి ఎంత లోతు దాకా కనబడుతుందో చూసే సెక్కీ పళ్లెం కొనేవాళ్లున్నారు. ఇది లోతు లేని నీరు, పళ్లెం కనుమరుగయ్యేలోపే అడుగు తగులుతుంది. గొట్టమే మేలు.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటరు చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు ఇష్టపడతారు. కానీ అది వెయ్యిలో ఒక వంతు కన్నా సన్నగా చెప్పలేదు. సముద్రం 35 అని చూపడానికి సరే, ఇక్కడి వానాకాలపు నీటికి సున్నా అనే చూపుతుంది. కండక్టివిటీ మీటరే వాడండి, 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో వారానికోసారి సరిచూడాలి. జేబు మీటర్లు ఎక్కువగా 9990 దగ్గర ఆగిపోతాయి, వేసవిలో నీరు దాన్ని దాటవచ్చు. అప్పుడు ఒక వంతు నీటికి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ నీరు కలిపి, వచ్చిన అంకెను పదితో గుణించండి. సుమారు లెక్కే, పాఠానికి చాలు.

అసలు పాఠం ఆక్సిజన్‌ది. ఒకే చోట ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి కొలవాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీరు గాలి నుంచి పట్టుకోగలిగేది లీటరుకు 7.5 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. పచ్చటి నాచు నీటిలో మధ్యాహ్నం అది 10 కూడా దాటుతుంది, తెల్లవారేసరికి 2 లోపుకు పడిపోవచ్చు. ఒక్క మధ్యాహ్నం చదివి "నీరు బ్రహ్మాండం" అని బోర్డు మీద రాసేస్తే మురుగు కలిసిన నీటికి మెచ్చుకోలు పత్రం ఇచ్చినట్టే. ఉదయం అంకెను బోధకుడు తీసి ఉంచాలి, మధ్యాహ్నంది పిల్లలు తీయాలి. గాఢ ఆమ్లం వాడే పాత వింక్లర్ పద్ధతి పిల్లల చేతికి ఇవ్వద్దు.

పురుగులు పట్టే వల నేరుగా చిత్తడి నేలలో వేయకండి, అటవీ నేలలో దేన్ని పట్టాలన్నా అనుమతి కావాలి, పైగా ఆ నీటిలో మురుగు ఉంది, ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉంది. గట్టి నేల మీద మీ సొంత కుంట తవ్వుకోండి: 6×4 మీటర్లు, లోతు 45 సెంటీమీటర్లు మించకుండా, ఒక ఒడ్డు సన్నటి వాలుగా. అడుగున 30 సెంటీమీటర్ల బంకమట్టి తొక్కించాలి. అక్వేరియం షాపు మొక్కలు, చేపలు వద్దే వద్దు. తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప ఒక్కటి వరదలో బయటపడితే చాలు. దోమల కోసం గంబూసియా, గప్పీ వేస్తామని ఎవరో ఒకరు వస్తారు, ఒప్పుకోకండి. తూనీగ పిల్లలు చేరాక అవే దోమ పిల్లలను తింటాయి, ఆ దృశ్యమే ఒక పాఠం. 500 మైక్రాన్ల వల, తెల్ల ట్రే, ఐదు నిమిషాలు చూసి తీసినచోటే వదలడం. తర్వాత సబ్బుతో చేతులు, శానిటైజరు చాలదు.

పలకరాత

బోర్డుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్లెక్సీ, వినైల్ స్టిక్కర్ పెడితే ఈ ఎండకు ముందు ఎరుపు, పసుపు పోతాయి. రెండేళ్లకు అన్ని పక్షులూ నీలంగా మిగులుతాయి. కాగితపు పొరలను ఒత్తి చేసే, లోపలే ముద్ర ఉండే హెచ్‌పీఎల్ పలక అడగండి. ఒక పలకకు 60–70 మాటలు, అంతకు మించితే ఎవరూ చదవరు. అక్షరం 24 పాయింట్ల కన్నా చిన్నది వద్దు. పలక 30 డిగ్రీల వాలుతో, కింది అంచు నేల నుంచి 75 సెంటీమీటర్లు, పిల్లలూ చక్రాల కుర్చీవాళ్లూ చదివేలా. బాట మీద కాకుండా అరుగుల మీదే పెట్టాలి.

పేర్లు తమిళంలో పెద్దగా, ఇంగ్లిషు కింద. తెలుగు మాధ్యమం బడుల పిల్లలకు విడిగా ఒక మడతకాగితం అచ్చువేయించండి. అందులో ఊరికే అనువాదం కాకుండా పేర్లను పక్కపక్కన పెడితే రెండు భాషల పిల్లలకూ ఆట. మన నత్తగుల్ల కొంగ వాళ్ల నత్తై కుత్తి నారై, ఇద్దరూ దాని తిండిని బట్టే పేరు పెట్టారు. మన జమ్ము వాళ్ల చంబు. గుర్రపుడెక్కను మాత్రం వాళ్లు ఆగాయత్తామరై, ఆకాశ తామర అంటారు, మనం గుర్రం గిట్టను చూసిన చోట వాళ్లు తామరను చూశారు. ఫ్లెమింగోకు తమిళంలో పూనారై అనే అందమైన మాట ఉంది, మనకు సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ పుణ్యమా అని ఇంగ్లిషు పేరే వాడుకైపోయింది.

ఇంకోటి, అక్కడ ఏడాదంతా ఉండని పక్షిని "ఇక్కడ చూడండి" అని పెద్ద బొమ్మ వేయకండి. పన్నెండు నెలల చక్రం వేసి, తిప్పితే ఈ నెలలో ఎవరుంటారో కనిపించేలా చేయండి. మే నెలకు పగుళ్లిచ్చిన బురద, నత్త గుల్లలు, కాలిముద్రలు వేయాలి. ఎండిన చిత్తడి నేల చచ్చిన నేల అనుకుని వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ.

పెరుంబాక్కం_ప్రశ్న

ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. గాలి అటు నుంచి వీస్తే పక్కనున్న పెరుంగుడి డంపింగ్ యార్డు చెత్త వాసన వస్తుంది. దాన్ని కనబడకుండా వెదురు తడక కట్టాలని డబ్బిచ్చేవాళ్ల కోరిక.

బడిగంట

తడక కట్టినా వాసన ఆగదు కదండీ. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. పైన పటారం లోన లొటారం చూపించే బదులు ఒక పలక దానికే ఇవ్వండి: ఇది ఎందుకు ఇక్కడికొచ్చింది, చెత్త నుంచి ఊరే నీరు ఎటు పోతుంది, కార్పొరేషన్ చేపట్టిన బయోమైనింగ్ అంటే పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, మట్టి, ప్లాస్టిక్, రాయి వేరుచేయడం. అమ్మోనియా కిట్టుతో రెండు చోట్ల నీటిని పోల్చి చూపండి, రంగు తేడాయే చెప్తుంది.

సరుగుడు_కర్ర

మరుగుదొడ్లు. ఇవి చెడితే బడులు మళ్లీ రావు. గట్టి నేల మీద, వరద మట్టానికి పైన దిమ్మె మీద కట్టండి. భూమిలో సెప్టిక్ ట్యాంకు పాతితే ఒక ప్రమాదం ఉంది. ఇక్కడ భూగర్భ జలం వానాకాలంలో నేల దాకా వస్తుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకును ఖాళీ చేయించిన రోజున నీరు దాన్ని ఐదు టన్నుల బలంతో పైకి తోస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకైతే పడవలా లేచి పైపులు తెంపుకుంటుంది. పైన పెట్టే బయోడైజెస్టర్ ట్యాంకు (సూక్ష్మజీవులే మలాన్ని కుళ్లబెట్టేది) తీసుకోండి, మిగులు నీరు లారీలో బయటికే పోవాలి, చిత్తడి నేలలోకి ఒక్క చుక్క వద్దు. నలభై మందికి ఆడపిల్లలకు రెండు, మగపిల్లలకు ఒక మరుగుదొడ్డి, రెండు మూత్రశాలలు, చక్రాల కుర్చీకి ఒకటి.

చేతులు కడిగిన నీటిని పాఠంగా మార్చవచ్చు. 80 మంది, మనిషికి 3 లీటర్లు, రోజుకు 240 లీటర్లు. 3 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 0.6 లోతున్న తొట్టెలో 10–20 మిల్లీమీటర్ల కంకర నింపండి. కంకర సందుల్లో పట్టే నీరు దాదాపు వెయ్యి లీటర్లు, అంటే నీరు లోపల నాలుగు రోజులకు పైగా ఉంటుంది. పైన జమ్ము, మెట్టతామర నాటండి. సబ్బు నురగ ముందు ఒక జాలీ గుంటలో ఆగాలి, లేకపోతే కంకర మూతి ఆరు నెలల్లో మూసుకుంటుంది. బయటికొచ్చే నీరు తోటకు.

చట్టం_చుట్టం

పార్కింగు ఇంకా ప్లానులో ఉన్నట్టుంది. బస్సు పిల్లలను దించేసి మెయిన్ రోడ్డు మీదికి పోవాలి, రెండు గంటల తర్వాత రావాలి. అంతే.

పెరుంబాక్కం_ప్రశ్న

సవరించిన జాబితా: గట్టి నేల మీద గోడలు లేని తాటాకు పాక ఒకటి (40 మందికి), కుంట, మరుగుదొడ్లు, కంకర తొట్టె. ఉత్తర ముఖంగా చాటు గుడిసెలు రెండు. 60 మీటర్ల మునిగే బాట, అరుగులు రెండు, అనుమతి వస్తేనే. బోర్డులు పది. పార్కింగు లేదు. మొదటి ఏడాది కట్టడం లేకుండా కార్యక్రమం మాత్రమే. ఐదేళ్ల జీతాలు, మరమ్మతు డబ్బు ముందే విడిగా డిపాజిట్.

నత్తగుల్ల_కొంగ

బాగుంది. దీపాలు రాయలేదు. సాయంత్రం ఆరుకు మూసేస్తే చాలా వరకు అక్కర్లేదు, మరుగుదొడ్డి దగ్గర మాత్రం కిందికి వంచిన పసుపు బల్బు, 2700 కెల్విన్. మైకు వద్దు. పాకకు ఎక్కడా గాజు వద్దు.

సరుగుడు_కర్ర

తాటాకు మూడేళ్లకోసారి మార్చాలి, కొబ్బరాకైతే ఏడాదికే. వేసవిలో పక్కనే ఎండిన జమ్ము ఉంటుంది, నిప్పురవ్వ చాలు. పాకకూ జమ్ముకూ మధ్య పది మీటర్ల ఖాళీ, ఇసుక బకెట్లు నాలుగు, వంట నిషేధం. దారికి రెండు వైపులా మీటరు వెడల్పున గడ్డి కోసి ఉంచాలి, రక్తపింజర పడుకున్నా కనబడేలా. యాంటీవెనమ్ ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు పాకలో రాసిపెట్టండి.

చట్టం_చుట్టం

బోర్డులు పదీ కూడా కట్టడాలే, వాటి స్తంభాల గుంటలూ అనుమతి అర్జీలో చూపించండి. తర్వాత కలపాలంటే మళ్లీ మొదటి నుంచి ఫైలు కదలాలి.

పెరుంబాక్కం_ప్రశ్న

కలిపాను. సర్వే నంబర్లు వచ్చాక మ్యాపుతో ఇక్కడే కొత్త చర్చ మొదలుపెడతాను. జెండాలు పాతే పది ఉదయాలు మాత్రం జనవరిలోనే మొదలుపెట్టాలి కదా, వలస పక్షులు ఉండగానే?

నత్తగుల్ల_కొంగ

జనవరిలో ఐదు, జూలైలో ఐదు. గూళ్ల మీదున్న పక్షి తలెత్తే దూరం వేరే ఉంటుంది.